ఇంటిపేరు

రాష్ట్ర చరిత్ర సంఘం వాళ్లు పంపిన ఫారంలో
ఏడో గడి:
విస్కాన్సిన్‌కు మీ కుటుంబం చేసిన సేవ.
రాయడానికి ఒకటిన్నర గీత చోటిచ్చారు.

పెన్ను మూత తీసి మూడు రోజులైంది.

మా ముత్తాత ష్చెపాన్ విగ్రహం
ఏ కూడలిలోనూ లేదు.
ఫౌండ్రీలో ఆయన పోసిన ఇనుము
ఏ వంతెనలో ఉందో, ఏ వీధి మురుగు మూతైందో
ఇనుముకే తెలియదు.
పేరు నోరు తిరగక
మేస్త్రీ స్టీవ్ అని రాసుకున్నాడు.
ఇంటిపేరు ప్షిబివా,
అంటే వచ్చినవాడు.
గుమాస్తా దాన్నీ సగానికి కోశాడు.
వచ్చినవాడిలో
వాడు మాత్రం మిగిలాడు.

ఇంటిపేరు పోతే పోయింది,
ఇల్లుంది.

మిల్వాకీ దక్షిణాన నాలుగు గదుల చెక్క ఇల్లు.
పంతొమ్మిది వందల నాలుగు, ఏప్రిల్,
మంచు కరిగిన ఆదివారం,
పూజ కాగానే
పదకొండు మంది మగవాళ్లు
ఫౌండ్రీ నుంచి అరువు తెచ్చిన జాకీలు
ఇంటి కింద దూర్చారు.
ఆదివారం పనేమిటని అడగాల్సిన ఫాదర్
చూసీ చూడనట్టు దాటిపోయాడట.

"పావు తిప్పు!"
కేక వేసింది ముత్తాత అన్న ఇగ్నాత్సీ.
రోజుకు ఎనిమిది గంటలే పని చేస్తామని
మిల్లు దాకా నడిచిన ఒక మే నెలలో
తొడలో దిగిన మిలీషియా తూటా
ఆయన కాలొకటి పొట్టి చేసింది.
మట్టం చూడ్డంలో అందుకే
ఆయన్ని మించినవాడు లేడనేవారు.
చరిత్ర పుస్తకంలో ఆ మే నెలకు ఒక పేరా ఉంది.
కాళ్ల లెక్క లేదు.

ముత్తవ్వ పెలాగ్యా ఇల్లు దిగనంది.
పొయ్యి మీద బార్లీ సూపు,
చంకలో మా తాత క్లెమెన్స్, ఎనిమిది నెలలవాడు.
"ఇల్లు నిలబెట్టేది నేను,
మీరు ఎత్తండి చాలు."
బల్ల మీద సాసర్ నిండా పాలు పోసి
కిటికీలోంచి అరుస్తూనే ఉంది:
పాలు పొయ్యి వైపు పోతున్నాయి.
పాలు తలుపు వైపు పోతున్నాయి.
ఆగండి. నిలిచాయి.
మళ్లీ పావు.

సాయంత్రానికి నాలుగడుగులు లేచింది ఇల్లు.
ఉన్నవాళ్లు మేడ మీద మేడ కట్టారు.
మావాళ్లు మేడ కింద కట్టారు,
ఉన్న ఇంటి పాదాల కింద ఇటుకలు పేర్చి,
సగం భూమిలో మునిగిన గదుల్లోకి తాము దిగి,
పైన వెలుతురును అద్దెకిచ్చారు.

ఆ అద్దెలోంచి వారం వారం
చర్చి గుమ్మటానికి పావు డాలరు.
గుమ్మటం అప్పుల్లో పడితే
ఇంటి కాగితాలు కూడా వెళ్లి బ్యాంకులో కూర్చున్నాయి.
"దేవుడూ అద్దెకున్నవాడే,
ఎప్పుడూ బాకీయే" అనేది పెలాగ్యా,
శిలువ గీసుకుంటూనే.

కింద కిటికీలోంచి పాదాలే కనబడతాయి.
తాతకు ఈ ఊరు మొదట బూట్లుగా తెలుసు.
తోలు శుద్ధి చేసేవాళ్ల బూట్లకు మరక,
ఫౌండ్రీ బూట్లకు కాలిన చిల్లులు.
సమ్మె రోజుల్లో అన్ని బూట్లూ
ఒకే వైపు నడిచేవట.

ఒక్క తప్పు జరిగింది ఆ ఆదివారం.
చివరి తిప్పు ముందు పిల్లవాడు గుక్క పట్టాడు.
పెలాగ్యా సాసర్ ఎత్తి
ఆ పాలు వాడి నోట్లో పోసింది.
చివరి పావుకు మట్టం లేదు.
తూర్పు మూల
అర వేలు కిందికి ఉండిపోయింది.

నూట ఇరవై ఏళ్లుగా
పై ఇంట్లో జారినదల్లా అక్కడికే చేరుతుంది:
బఠాణీలు, గుండీలు, తెగిన జపమాల పూసలు,
గ్వాదలహారా నుంచి వచ్చినవాళ్ల లాటరీ గింజలు.

ఇప్పుడు పైన బర్మా నుంచి వచ్చినవాళ్లు.
నేనింకా కిందే.
వాళ్ల పిల్ల ఎ మూ నిన్న మెట్లు దిగొచ్చి
నీలం గోళీ పోయిందంది.
తూర్పు మూల చూడు అన్నాను.
నీకెలా తెలుసు అని
నన్ను మంత్రగత్తెను చూసినట్టు చూసింది.

ఒకటిన్నర గీత ఇంకా ఖాళీ.
కప్పు మీద గోళీ మళ్లీ దొర్లుతోంది,
పొయ్యి వైపు కాసేపు,
తలుపు వైపు కాసేపు.